అడవి భాష – ఊరి బడి

విజయనగరంలో బయలుదేరి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరే రైలుమార్గం తెలుగు నేలపై మొదలై, ఒడియా దేశం గుండా సాగి, హిందీ రాజ్యమేలే పట్టణంలో ముగుస్తుంది. ఆ దారికి ఇరువైపుల గల కొండలలోను, దాని కొసన దక్షిణంగా వ్యాపించిన బస్తరు అరణ్యాలలోను సవర, కువి, కుయి, గోండి మాట్లాడే జనులు తరతరాలుగా నివసిస్తున్నారు. 2011 జనాభా లెక్కలను బట్టి గోండి మాతృభాషగా గలవారు దేశంలో దాదాపు 30 లక్షలు. సవర మాట్లాడేవారు 4 లక్షలకు పైబడినారు. అయినను ఆ మార్గంలోని స్టేషను పలకలపై ఊరి పేరు తెలుగులోనో, ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో కనబడుతుంది గాని ఈ కొండభాషలలో ఒక్కదానిలోనైనా కనబడదు. పలక చిన్న విషయమే. బడి కూడ ఆ పలకవలెనే ఉన్నపుడు మాత్రం అది చిన్న విషయం కాదు. ఒక జాతి బిడ్డలు ఏ భాషలో అక్షరాలు దిద్దుకొంటారో ఆ భాషలోనే ఆ జాతి వాఙ్మయం పుట్టవలసి ఉంటుంది. కనుక ఇది విద్యాశాఖ వారికే వదిలివేయదగిన చర్చ కాదు. సాహిత్యవిమర్శకు సంబంధించిన చర్చ.

ఈ సందర్భంలో మన పాలకులూ పత్రికలూ విరివిగా వాడే మాట ఒకటి కలదు: జనజీవన స్రవంతి. గిరిజనులను ఆ స్రవంతిలో కలపవలెనని ప్రతి ప్రణాళిక చెబుతుంది. స్రవంతి అనగా ఏరు. ఏరు ఏటిలో కలిసినపుడు ఏమవుతుందో గోదావరి తీరవాసులకు వేరుగా చెప్పనక్కర లేదు. బస్తరును దాటి వచ్చిన ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఆ తరువాత దిగువ దేశంలో ఇంద్రావతి అన్న పేరు వినబడదు. నీరు పోదు, పేరు పోతుంది. గోదావరి పొంగినపుడు ఆ పొంగులో ఇంద్రావతి పాలెంతో ఎవరూ అడగరు. ‘కలపడం’ అన్న మాటలో ఒకరు కలిపేవారు, మరొకరు కలిసిపోయేవారు అన్న తేడా మొదటినుంచి దాగి ఉన్నది. ఆ తేడాను గుర్తించిన తెలుగువాడు ఒకడున్నాడు. మనం ఆయనను ప్రతి సంవత్సరం స్మరిస్తున్నాము. కాని సగమే స్మరిస్తున్నాము.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న జన్మించినారు. ఆ తేదీని మనం తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను నెలకొల్పి, పండితుల వ్యాకరణానికి ఎదురు నిలిచి, జనుల నోట నానిన భాషకు రచనలో పీట వేయించిన యోధులుగా ఆయన అందరికీ తెలుసు. అంతకు ఎంతో ముందే పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో ఆయన కొండలలోని సవరల భాషను పట్టుబట్టి నేర్చుకొన్నారు. సవర వచ్చిన మనుష్యులను ఇంట ఉంచుకొని నేర్చుకొన్నారు, కొండలెక్కి నేర్చుకొన్నారు. ఆ తిరుగుళ్ళలో పట్టిన మన్యపు జ్వరానికి మింగిన క్వినైను వలన ఆయన వినికిడి పోయినదని జీవితచరిత్రకారులు చెబుతారు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు వ్రాసినారు. సొంత ఖర్చుతో బడులు నడిపినారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వజూపగా, ధనం వద్దు, సవరలకు మంచి బడి పెట్టించండి అని కోరినారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి.

మన సాహిత్యచరిత్రలు ఈ రెండు పనులను రెండు అరలలో పెట్టినవి. వ్యావహారికోద్యమం వాఙ్మయచరిత్రలో చేరినది. సవర సేవ ‘భాషాశాస్త్ర కృషి’ అన్న ఉపశీర్షిక క్రింద నాలుగు పంక్తులలో ముగిసినది. ఈ విభజన గిడుగువారి ఆలోచనకు అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం. ఇంటి మాటను తప్పుగా ఎంచి, దానిని విడిచి రమ్మని పిల్లవానిని గుమ్మంలోనే నిలబెట్టే బడి బడి కాదన్నది ఆయన మూలసూత్రం. ఆ సూత్రాన్ని ఆయన సవర గూడెంలోనూ పాటించినారు, తెలుగు తరగతిలోనూ పాటించినారు. కాలక్రమం చూచినను సవర కృషియే ముందు, తెలుగు వాదమే తరువాత. గ్రాంథికం ముందు తెలుగు బాలుని నిస్సహాయతను ఆయన గుర్తించగలగడానికి, తెలుగు ముందు సవర బాలుని నిస్సహాయతను అంతకు ముందే చూచి ఉండడం తోడ్పడి ఉండదా? ఆయన చేసిన వాదం తొలి సగం మనకు అనుకూలమైనది, కనుక గ్రహించినాము. రెండవ సగంలో తెలుగు పీడితస్థానంలో గాక పీడకస్థానంలో నిలుస్తుంది, కనుక మరచినాము.

రెండవ నిదర్శనం ఆదిలాబాదు. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము నైజాం బలగాల చేతిలో నేలకొరిగిన తరువాత, గోండుల అశాంతికి కారణమేమో తెలుసుకోవలెనన్న తలంపు ఆ ప్రభుత్వానికి కలిగినది. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆ పనిపై మార్లవాయి గ్రామం చేరినాడు. ఆయన నివేదికలు 1945లో ‘ట్రైబల్ హైదరాబాద్’ అన్న పేరుతోను, గోండుల జీవనంపై మహాగ్రంథం 1948లోను వెలువడినవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం ఏర్పడినది. గోండి భాషలో నాగరి లిపితో వాచకాలు సిద్ధమైనవి. గోండులే గోండు పిల్లలకు గోండిలో పాఠం చెప్పడం అక్కడ ఆరంభమైనది.

ఈ ప్రయోగాన్ని ఆదర్శంగా మాత్రమే చిత్రించడం న్యాయం కాదు. తిరుగుబాటు జరుగకపోతే ఆ బడి పుట్టి ఉండేదా అన్న ప్రశ్న కలదు. శాంతిని నెలకొల్పే ఉపాయాలలో బడి కూడ ఒకటని ఏలినవారు భావించి ఉండవచ్చు. అయినను ఆ పథకంలో ఒక వివేకం ఉన్నది. అక్షరానికీ భూమికీ గల సంబంధాన్ని హైమెండార్ఫ్ కనిపెట్టినాడు. దస్తావేజులు ఉర్దూలో, వ్యవహారం మరాఠీలోనో తెలుగులోనో, దున్నేవాని భాష గోండిలో ఉన్నపుడు పట్టా ఎవరి పేర వ్రాయబడుతున్నదో దున్నేవానికి తెలియదు. భూమి పోవడానికి మొదటి మెట్టు కాగితం చదవలేకపోవడం. కనుకనే పట్టాల పంపిణీ, బడి స్థాపన రెండూ ఒకే కాలంలో సాగినవి. ఆ తరువాత చరిత్ర తెలిసినదే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. గోండి వాచకాల వాడుక నిలువలేదు. బడిభాష తెలుగు అయినది. హైమెండార్ఫ్ తిరిగి వచ్చి చూచి వ్రాసిన గ్రంథం 1982లో వెలువడినపుడు, అందులో ప్రధానాంశం గోండుల చేతినుండి జారిపోయిన భూమియే. 1959 నాటి భూబదిలీ నిబంధనలు, 1970లో వాటికి వచ్చిన సవరణ ఉండగానే అది జరిగినది.

ఇదే కాలంలో దేశమంతటా ఒక వాదం నడిచినది. 1943లో జి. ఎస్. ఘుర్యే ఒక గ్రంథం వ్రాసి, ఆదివాసులు వెనుకబడిన హిందువులే, వారు పెద్ద సమాజంలో కలిసిపోవడమే సహజమన్నాడు. మధ్యపరగణాల గోండుల నడుమ, బైగాల నడుమ జీవించిన వెర్రియర్ ఎల్విన్ ఆ తొందరను ఎదిరించినాడు. ఆదివాసులను ప్రదర్శనశాలలో వస్తువులుగా నిలుపజూస్తున్నాడని ఆయనపై నింద పడినది. కాలక్రమాన ఎల్విన్ నడిమిదారికి వచ్చినాడు. ఈశాన్య సరిహద్దు ప్రాంతంపై ఆయన వ్రాసిన గ్రంథానికి 1958లో జవాహర్‌లాల్ నెహ్రూ కూర్చిన ముందుమాటలో, గిరిజనులు తమ ప్రతిభననుసరించి తామే పెరగవలెనని, పైనుండి ఏదీ రుద్దరాదని చెప్పే అయిదు సూత్రాలు కలవు. వాటికి గిరిజన పంచశీల అన్న పేరు వచ్చినది. అదే 1958లో మన దేశం అంతర్జాతీయ కార్మికసంస్థ వారి 107వ ఒడంబడికను ఆమోదించినది. 1957 నాటి ఆ ఒడంబడిక ఆదివాసులకు రక్షణ ఇస్తూనే క్రమంగా వారిని జాతీయసమాజంలో కలపడం ధ్యేయమని తలచినది. ఒక చేత స్వప్రతిభ, మరొక చేత విలీనం: ఒకే ఏట మనం చేసిన ఈ రెండు సంతకాల నడుమ గల వైరుధ్యం నేటికీ తీరలేదు. ఆ ఒడంబడికను సరిదిద్ది 1989లో 169వ ఒడంబడిక చేసినారు. దానిని 1990లో అందరికంటె ముందు ఆమోదించిన దేశం నార్వే. మన దేశం ఆమోదించలేదు.

నార్వే ముందు నిలవడంలో పశ్చాత్తాపం కొంత ఉన్నది. ఉత్తరధ్రువప్రాంతంలో రెయిన్‌డీరు మందలను మేపుకొంటూ, చేపలు పట్టుకొంటూ జీవించే సామీ జాతిని నార్వీజియనులుగా మార్చివేయడం ఆ ప్రభుత్వానికి ఒక శతాబ్దం పాటు విధానమై ఉండినది. 1898 నాటి ఉత్తరువు బడిలో సామీ భాషను అత్యవసరమైన చోటుకే కుదించినది. 1902 నాటి చట్టం ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో ప్రభుత్వ భూమి కొనదలచినవాడు నార్వీజియను చదవగలిగి, వ్రాయగలిగి, మాట్లాడుతూ ఉండవలెనన్నది. మార్లవాయిలో హైమెండార్ఫ్ కనిపెట్టిన సంబంధం అక్కడ చట్టంలోనే వ్రాయబడి ఉన్నది: భాష విడిచినవానికే భూమి. 1997లో నార్వే రాజు క్షమాపణ చెప్పినాడు. 2023లో సత్యశోధక సంఘం తన నివేదికను పార్లమెంటుకు సమర్పించినది. డెన్మార్కు ప్రభుత్వం 1951లో గ్రీన్‌లాండు నుండి 22 మంది పసివారిని తల్లిదండ్రుల నుండి వేరుచేసి తీసుకొనిపోయి, డేనిష్ పౌరులకు నమూనాలుగా పెంచజూచినది. వారిలో పలువురు తల్లిభాష మరచి తిరిగివచ్చినారు. ఆ క్షమాపణ 2020 వరకు రాలేదు. ఈ పథకాలను నడిపినవారు తాము మేలే చేస్తున్నామని నమ్మినవారే. ఉద్దేశం మంచిదన్నంత మాత్రాన ఫలితం క్షమింపదగినది కాదని ఉత్తరదేశాల అనుభవం చెబుతున్నది.

మన దేశంలో సామీ భాషపై వచ్చినటువంటి నిషేధపుటుత్తరువు గోండిపై రాలేదు గదా అని పాఠకులు అనవచ్చు. నిజమే, మన రాజ్యాంగంలో 1956లో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషావర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమని రాష్ట్రాలను ఆదేశిస్తున్నది. మన పద్ధతి వేరు: మనం నిషేధించము, పలుకరించము. ఒక భాషను కొట్టి మాన్పించవచ్చు. ఆ భాషలో ఎంత పిలిచినా బదులీయక మాన్పించవచ్చు. రెండవ దానికి ఉత్తరువు అక్కర లేదు, కనుక రేపు క్షమాపణ చెప్పడానికి చూపదగిన కాగితం కూడ ఉండదు.

రాయపూరు ఈ విషయంలో చూడదగిన పట్టణం. పూర్వం ఇక్కడి రాజకుమార కళాశాల సంస్థానాధీశుల బిడ్డలకు ఇంగ్లీషు మర్యాదలు గరపినది. పైవారితో ఆరంభించి క్రిందివారిని మార్చడం తెల్లదొరల పద్ధతి. 2000 నవంబరు 1న రాయపూరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర రాజధాని అయినది. రైల్వే పనులకు, కూలికి, వ్యాపారానికి వచ్చి ఇక్కడ నిలిచిన తెలుగు కుటుంబాలకు స్టేషను చుట్టుపట్ల పేటలు, గుఢియారీ వంటివి, నివాసమైనవి. గుఢియారీలో పెరిగే తెలుగు బిడ్డకు ఇంట తెలుగు, బడిలో హిందీ. తాత ఉత్తరాలు మనుమడు చదవలేని స్థితి అటువంటి ఇండ్లలో అపురూపం కాదు. ప్రవాసాంధ్రులు దీనికి చింతించడం సహజం. కాని ఆ పేటనుండి ఒక దినపు ప్రయాణంలో బస్తరు ఉన్నది. అక్కడి గోండు బిడ్డది కూడ ఇదే స్థితి. ఒక్కటే భేదం. గుఢియారీలో తెలుగు పోయినను రాజమహేంద్రవరంలో, వరంగల్లులో తెలుగు ఉంటుంది. గోండు బిడ్డ నోట గోండి పోయినపుడు అతడు వెనుదిరిగి చూడదగిన గోండి రాజధాని వేరొకటి లేదు. అడవియే అతని ఇల్లు. అందులోనే పరాయి బడి. గుఢియారీ తెలుగువాడు తన బిడ్డ గురించి పడే బాధను ఆధారంగా చేసుకొని గోండు తండ్రి బాధను అర్థం చేసుకోగలడు. అర్థం చేసుకొన్ననాడు తెలుగు రాష్ట్రాలలో తన భాష చేస్తున్న పనిని గురించి కూడ అతడు ఆలోచింపక తప్పదు.

బస్తరులో బడి లేక కాదు, విద్య లేక కాదు. మురియా గోండుల ఘోటుల్ అనే యువజన గృహాన్ని గురించి ఎల్విన్ 1947లో విపులమైన గ్రంథం వ్రాసినాడు. పాట, కథ, పని, మర్యాద, పెద్దల మాట, తోటివారి పట్ల బాధ్యత – ఇవన్నీ పిల్లలు పిల్లల వద్ద నేర్చే సంస్థ అది. బయటివారు దానిలో కామకేళిని మాత్రమే చూచి వెక్కిరించినారు. బడి దానిని చూడనట్టే నటించినది. పాఠశాల వచ్చినపుడు అక్కడ అంతకు ముందు ఏ శాల ఉన్నదో విచారించే అలవాటు మనకు లేదు.

ఇటీవల కొంత మార్పు రాకపోలేదు. 2004 ప్రాంతాన ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కోలామి, బంజారా అనే 8 భాషలలో వాచకాలు సిద్ధమైనవి. తరువాత ఒడిశాలోనూ అటువంటి పథకం నడిచినది. 2020 జాతీయ విద్యావిధానం సాధ్యమైనంత వరకు అయిదవ తరగతి దాకా ఇంటిభాషలో బోధన జరగవలెనన్నది. గిడుగువారి సవర వాచకాల తరువాత దాదాపు శతాబ్దానికి ప్రభుత్వం ఆయన వద్దకు వచ్చినదని సంతోషించదగును. అయితే ఈ పథకాలను వివరించేవారు తరచు వాడే ఉపమానం వంతెన. మొదటి తరగతులలో ఇంటిభాష, తరువాత రాష్ట్రభాష. ఇంటిభాష దానికి వంతెన. ఈ ఉపమానాన్ని విమర్శకుడు పరీక్షించవలసి ఉన్నది. ఈ వంతెనపై నడక ఒకవైపుకే. పిల్లవాడు ఆ దరినుండి ఈ దరికి వస్తాడు. ఈ దరివాడు ఆ దరికి పోడు. దాటినవాని వెనుక వంతెన తీసివేయబడుతుంది. సోవియట్ ప్రభుత్వం ఉత్తరధ్రువప్రాంత జాతులకు 1930 దశకంలో లాటిను అక్షరాలతో ప్రథమవాచకాలు వ్రాయించి, ఆ దశకం ముగియకముందే ఆ అక్షరాలను తీసివేసి రష్యను లిపిని విధించినది. వాచకం ఉండడం చాలదు. అది దేనికోసం ఉన్నదో చూడవలె. గోండి వాచకం గోండిని త్వరగా విడిపించడానికే అయితే, అది మర్యాదగల విలీనీకరణం మాత్రమే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ కలదు. గిరిజన తల్లిదండ్రులే తమ బిడ్డలకు తెలుగు కావాలి, హిందీ కావాలి, ఇంగ్లీషు కావాలి అంటున్నారు. ఉద్యోగం ఆ భాషలలో ఉన్నది. న్యాయస్థానం ఆ భాషలలో ఉన్నది. సవర, గోండి అని వారిని కట్టివేయడం మీ సాహిత్యప్రీతికి వారి బ్రతుకును బలిచేయడమే గదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చడం ధర్మం కాదు. వారు కోరేది న్యాయమైనదే, వారికి అందవలసినదే. కాని ఆ కోరికలో ‘మా భాష మరవాలి’ అన్న కోరిక లేదు. తెలుగు బిడ్డకు ఇంగ్లీషు నేర్పడానికి తెలుగు మరపించనక్కర లేదని మనమే వాదిస్తున్నాము; గోండు బిడ్డ దగ్గరకు రాగానే ఆ వాదం ఎందుకు నోట రాదు? పైగా రెండు భాషల భారమంతా పసివానిపైనే మోపడమెందుకు? పాతికేళ్ళ ఉద్యోగి, జీతం తీసుకొనే ఉపాధ్యాయుడు, వైద్యుడు, అటవీశాఖ అధికారి గోండి నేర్చుకోరాదా? గిడుగువారు చేసినది సరిగా ఇదే. ఆయన సవర బిడ్డను వంతెన దాటించడానికి ముందు తాను దాటినారు.

సాహిత్యరంగంలో కూడ లెక్క చూచుకోవలసి ఉన్నది. గోండి తెలుగుకు దగ్గరి చుట్టం. ద్రావిడ భాషాకుటుంబంలో తెలుగు, గోండి, కొండ, కువి ఒకే శాఖవి. గోండిలో నీటికి ‘ఏర్’ అంటారు. మనకు ఏరు ప్రవహించే నీరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు ధాతువుల చరిత్రను, 1969లో కొండ భాషా వ్యాకరణాన్ని వెలువరించినారు. అటువంటి కృషి వలన మన భాష పూర్వరూపం మనకు తెలిసినది. మన భాష చరిత్ర తెలుసుకోవడానికి గోండి, కొండ కావలసివచ్చినవి. ఆ బిడ్డలకు చదువు చెప్పడానికి మాత్రం అవి అక్కర లేకపోయినవి. కొమురం భీముపై అల్లం రాజయ్య, సాహు కలిసి వ్రాసిన నవల తెలుగులో వచ్చి ఎందరినో కదిలించినది. భీము వీరత్వానికి తెలుగులో చోటు దొరికినది. భీము మాట్లాడిన భాషకు దొరకవలసిన చోటు ఇంకా మిగిలియే ఉన్నది. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండి వ్రాతప్రతులు బయటపడి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరినది. సవర భాషకు 1936లో మంగెయి గొమాంగో ఒక లిపిని కూర్చినాడు. ఈ జాతులకు అక్షరం లేదన్న మాట ఇక చెల్లదు.

అక్షరం ఉన్నచోట ఆదరణ ఉంటే ఏమి జరుగుతుందో రెండు ఉదాహరణలు చాలును. 2003లో సంతాలీ, బోడో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినవి. 2005 నుండి ఆ భాషల రచయితలకు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతులు వస్తున్నవి. అదే అకాడెమీ 1965లో, చనిపోయిన మరుసటి ఏడు, ఎల్విన్ ఆత్మకథకు బహుమతి ఇచ్చినది. అది యోగ్యమైన గ్రంథమే. కాని అది ఆదివాసిని గురించి ఇంగ్లీషులో వచ్చిన గ్రంథం. సంతాలీ బహుమతి ఆదివాసి తానే చెప్పుకొన్న దానికి వచ్చినది. ఈ నలభై ఏండ్లలో జరిగిన ప్రయాణం అదే. సామీ కవి నిల్స్-అస్లక్ వాల్కియాపా సామీ భాషలో వ్రాసిన కావ్యానికి 1991లో ఉత్తరదేశాల మహాబహుమానం అందుకొన్నాడు. ఒకనాడు బడిలో వినబడరాదన్న భాష, బడి పెట్టిన దేశాల చేతనే సన్మానం పొందినది. గోండి ఇంకా ఎనిమిదవ షెడ్యూలులో చేరలేదు. దానిలోని కవులను మన పత్రికలు అనువాదాలలోనైనా తగినంతగా పరిచయం చేయలేదు.

ఆగస్టు 29న సభలు జరిపే సంస్థలకు ఒక సూచన చేయడం అప్రస్తుతం కాదు. ఆనాడు తెలుగు గొప్పతనాన్ని చెప్పే ఉపన్యాసాలతోపాటు ఒక సవర కథ, ఒక గోండి పాట మూలభాషలోనే, ఆ భాష మాట్లాడేవారి నోటనే వినిపించవచ్చు. అర్థం కానివారు కొంతసేపు అర్థం కాక కూర్చుంటారు. సవర పిల్లవాడు మన బడిలో ఏండ్ల తరబడి కూర్చున్నది అట్లాగే గదా. ఆ కొద్దిసేపటి ఇబ్బంది పడినవాడు తరువాత ఇంటికి పోయి ఒక సవర మాటయినా నేర్చుకొంటే, గిడుగువారి జన్మదినం తెలుగువారి పండుగగా మాత్రమే గాక, ఆయన బడి పెట్టించమని కోరినవారి పండుగగా కూడ జరిగినట్టవుతుంది.